రెండొందల లోపు షుగరు

నేను నర్సుని కాను. దాదాపు పాతికేళ్ళు రోజుకి పదిసార్లు చెప్పాను ఈ మాట, ఒక్కరి చెవికీ ఎక్కలేదు. బెజవాడలో ఆసుపత్రి గడప లోపల తెల్లకోటు వేసుకున్న మగవాడు డాక్టరు, ఆడది నర్సమ్మ. నేను టెక్నీషియన్ని. తొంభైల మొదట్లో ఎక్స్‌రే గదిలో చేరాను. తరవాత సీటీ స్కాను, రెండువేల దశకం చివర్లో పెట్ స్కాను. రిటైరైన రోజున దండ వేసిన మేనేజరు కూడా మైకులో "మన సిస్టరు శారదగారు" అన్నాడు. దండ తీసి కుర్చీ మీద పెట్టి ఇంటికొచ్చేశాను.

ఈ మధ్య మా వీధిలో అమ్మాయి ఒకతి ఇదే కోర్సులో చేరింది. "ఆంటీ, మిషను గురించి చెప్పండి" అని పుస్తకం, పెన్ను పట్టుకుని వచ్చింది. మిషను గురించి చెప్పడానికి కంపెనీవాడు సూటు వేసుకుని వస్తాడమ్మా, వాణ్ణి అడుగు. నేను చెప్పగలిగింది మనుషుల గురించి, వాళ్ళ ఒంట్లోని షుగరు గురించి, దాని మూలంగా నేను చేసిన ఒక వెధవ పని గురించి.

ఏమీ తినలేదండీ

ఎక్స్‌రే రోజుల్లో షుగరు గోల లేదు. ఎముక విరిగినవాడు ఇడ్లీ తిన్నా, పెసరట్టు తిన్నా ఎముక విరిగినట్టే కనబడుతుంది. కడుపు స్కానింగుల దగ్గర మొదలైంది నాకు తలనొప్పి.

"ఏమన్నా తిన్నారా?"

"అబ్బే, ఏమీ తినలేదండీ."

"కాఫీ?"

"కాఫీ అంటే తాగానండీ. దాంతో రెండు ఇడ్లీ. అన్నం మాత్రం ముట్టుకోలేదు."

మన వైపు అన్నం తింటేనే తిన్నట్టు లెక్క. మిగతావన్నీ గాలి. దీని మీద నేను అరిచిన అరుపులు పోగేస్తే ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు వచ్చే హోరు కూడా చాలదు. అయినా అప్పట్లో నష్టం తక్కువే. మర్నాడు రమ్మనేవాళ్ళం, తిట్టుకుంటూ వచ్చేవాళ్ళు.

పెట్ స్కాను వచ్చాక ఆ సుఖం పోయింది. అదేమిటో రెండు ముక్కల్లో చెబుతాను. కొంచెం రేడియో ధార్మికత కలిపిన చక్కెర మందు నరానికి ఎక్కిస్తాం. క్యాన్సరు కణాలకి ఆకలి ఎక్కువ, చక్కెర కనబడితే లాక్కుంటాయి. గంటసేపు కదలకుండా పడుకోబెట్టి ఫోటో తీస్తే, చక్కెర ఎక్కడ పోగుపడిందో అక్కడ వెలుగుతుంది. అప్పటికే రక్తంలో షుగరు ఎక్కువగా ఉంటే కణాలు దాంతోనే కడుపు నింపుకుని మన మందు వంక చూడవు. జబ్బు ఉంటుంది, ఫోటోలో కనబడదు.

ఆ మందు హైదరాబాదులో తెల్లవారుజామున తయారై జీపులో వచ్చేది. సుమారు రెండు గంటలకి సగం అయిపోతుంది, ఇంకో రెండు గంటలకి అందులో సగం. నందిగామ దగ్గర లారీ అడ్డం పడితే ఆ పూట నా ప్రాణం గొంతులోకి వచ్చేది. ఇంత పాట్లు పడి తెచ్చిన మందు ముందు కూర్చుని, ఒక పెద్దమనిషి జేబులోంచి కిళ్ళీ తీసి బుగ్గన పెట్టుకున్నాడనుకోండి. నమిలిన దవడ కండరాలన్నీ దీపాల్లా వెలుగుతాయి. అవనిగడ్డ నుంచి వచ్చినాయన ఒకాయన, ఎలాగూ బెజవాడ వచ్చాం కదా అని పొద్దున్నే కొండ మెట్లన్నీ ఎక్కి అమ్మవారి దర్శనం చేసుకుని వచ్చాడు. ఫోటోలో రెండు తొడలు, పిక్కలు భగభగా వెలిగిపోతున్నాయి.

"నిన్నటి నుంచి పచ్చి మంచినీళ్ళేనమ్మా తాగింది! మెట్లు ఎక్కొద్దని మీరు చెప్పలేదే!" అన్నాడు.

నిజమే, చెప్పలేదు. మెట్లు ఎక్కుతారని నాకేం కల వచ్చిందా? మర్నాటి నుంచి ఆ మాటా చేర్చాను. ఇలా ఒక్కొక్కటీ చేరుస్తూ పోతే మా సూచనల కాగితం పెళ్ళి సామాను జాబితా అంత అయింది. ఎవరూ చదవరు కనక నేనే ఒక పని చేశాను. ఎర్ర రంగుతో పెద్ద బోర్డు రాయించి గుమ్మం పక్కన కొట్టించాను. షుగరు రెండొందల లోపు ఉంటేనే స్కాను. దాటితే వెనక్కి.

ఆ బోర్డు చూసుకుని నేను నెల రోజులు మురిసిపోయాను.

నాంచారమ్మ

బందరు దగ్గర సముద్రపు ఒడ్డు ఊరి నుంచి వచ్చింది నాంచారమ్మ. తెల్లారగట్ల పడవలు వచ్చే వేళకి ఒడ్డున వేలంలో చేపల గంపలు పాడుకుని బందరు మార్కెట్టుకి పంపే మనిషి. వయసు యాభై లోపు, పదేళ్ళుగా షుగరు, ఇన్సులిన్ మీద ఉంది. మెడలో గడ్డలు వచ్చాయి. లింఫు గ్రంథుల క్యాన్సరన్నారు. మా బెజవాడలోనే క్యాన్సరు డాక్టరు దగ్గర ఆరుసార్లు మందు ఎక్కించారు. గడ్డలు చేతికి తగలడం మానేశాయి. ఇక మందు ఆపెయ్యొచ్చా, ఇంకా ఎక్కించాలా అన్నది తేలాలి. దాని కోసమే ఈ స్కాను. ఆమె ప్రాణం దీని మీద ఉందని నాకు తెలుసు. కాగితం మీద స్పష్టంగా రాసి ఉంది.

ఆమె వెంట వాళ్ళ ఊరి ఆరెంపీ సత్యంగారు వచ్చాడు. డిగ్రీ లేకపోయినా ఊళ్ళో జ్వరానికీ, దెబ్బకీ ఆయనే డాక్టరు. చేతిలో తోలు సంచి, జేబులో మూడు పెన్నులు. మంచి మనిషి. పేషెంటుని బస్సెక్కించి, దగ్గరుండి చూపించి, మళ్ళీ ఇంటి దగ్గర దింపే వాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు?

మొదటిసారి వచ్చినప్పుడు షుగరు రెండొందల తొంభై. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పూట మందు అసలే ఆలస్యంగా వచ్చింది, బయట ఇంకా అయిదుగురు కూర్చున్నారు.

"ఏమయ్యా సత్యంగారూ, బోర్డు చదవడం రాదా? రెండొందలు దాటితే ఈ గుమ్మం దాటొద్దు అన్నానా లేదా? ఆ అంకె చూపించాకే తీసుకురండి. లేకపోతే అసలు రాకండి!"

"అలాగేనండీ. వచ్చేసారి పాసు చేయించి తెస్తానండీ" అన్నాడాయన, తల వంచుకుని.

పాసు. ఆ మాట అక్కడే పట్టుకోవలసింది నేను. పట్టుకోలేదు.

వారం తిరిగాక మళ్ళీ వచ్చారు. షుగరు నూట పద్ధెనిమిది.

"అదీ! అట్లా ఉండాలి. చూశారా, చెబితే అయిందా కాలేదా?" అన్నాను. సత్యంగారి మొహం వెలిగిపోయింది. నాంచారమ్మకి నుదురంతా చెమట. చేతులు కొంచెం వణుకుతున్నాయి. మే నెల ఎండలో బస్సులో వచ్చింది కదా, అందుకే అనుకున్నాను. "భయమేస్తోందా?" అంటే, "ఎందుకో గుండె దడదడగా ఉంది నర్సమ్మగారూ" అంది. భయమే అని తేల్చేసి మందు ఎక్కించాను.

గంట తరవాత ఫోటో తీస్తుంటే తెర మీద తొడలు, భుజాలు వెలుగుతున్నాయి. చూశాను. కొండ మెట్లు గుర్తొచ్చాయి. బస్టాండు నుంచి నడిచొచ్చారు కాబోలు అనుకుని తరవాతి పేషెంటుని పిలిచాను. ఆ పూట ఏడుగురు. మందు నిమిషాల మీద తరిగిపోతోంది.

మా డాక్టరుగారు నాకంటే పదేళ్ళు చిన్న, తెలివైనవాడు, చెవి దగ్గర ఫోను లేకుండా నేను ఆయన్ని చూసింది తక్కువ. వరండాలో సత్యంగారు ఎదురుపడి "ఎలా ఉందండీ?" అంటే, "మెడలో ఏమీ కనబడలేదు, బాగానే ఉంది. రిపోర్టు రేపిస్తాం" అని చెప్పి వెళ్ళిపోయాడు.

నాంచారమ్మ నా దగ్గరకి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. "తగ్గిందంట నర్సమ్మగారూ. మీ చెయ్యి మంచిది" అంది. నేను నర్సుని కానని ఆ రోజు అనలేదు. నాకూ సంతోషం వేసింది.

పధ్నాలుగు యూనిట్లు

సాయంత్రం ఆ రోజు ఫోటోలన్నీ సీడీల్లోకి ఎక్కిస్తూ కూర్చున్నాను. తీరిగ్గా చూస్తే గుండె ధగధగలాడుతోంది. భుజాలు, తొడలు, వీపు కండరాలు మొత్తం వెలుగే. ఎప్పుడూ ఒక మోస్తరుగా వెలగవలసిన కాలేయం మాత్రం వెలవెలబోయి ఉంది. నడిస్తే కాళ్ళు వెలుగుతాయి గాని వీపు ఎందుకు వెలుగుతుంది? ఈ సెంటరులో చేరే ముందు హైదరాబాదులో మూడు నెలలు ట్రైనింగిచ్చారు. అక్కడ నేర్పిన మేడమ్ ఇలాంటిదే ఒక ఫోటో చూపించి, "ఇది చూస్తే రెండే అనుమానాలు రావాలి. తిని వచ్చాడా? ఇన్సులిన్ వేసుకుని వచ్చాడా?" అంది. ఒంట్లోకి ఇన్సులిన్ వెళ్ళిందంటే చక్కెరనంతా తోసుకెళ్ళి కండరాల్లో, గుండెలో పోస్తుంది. రక్తంలో అంకె తగ్గుతుంది. మన మందు కూడా ఆ దారినే పోతుంది. మెడలో గడ్డ ఉన్నా దానికి దక్కేదేమీ ఉండదు.

సత్యంగారికి ఫోను చేశాను.

"నాంచారమ్మ పొద్దున ఏమన్నా తిందా?"

"రామ రామ, నేను పక్కనే ఉన్నానండీ. మంచినీళ్ళు కూడా కొలిచి ఇచ్చాను."

"ఇన్సులిన్?"

"అది లేకపోతే ఎలా పాసవుతుందండీ? ఇంటి దగ్గర చూస్తే రెండొందల డెబ్భై ఉంది. కంకిపాడు దాటాక బస్సులోనే పధ్నాలుగు యూనిట్లు వేశాను. లెక్క ప్రకారం మీ గుమ్మంలోకి వచ్చేసరికి దిగాలి. దిగింది!" గొంతులో ఎంత గర్వమో.

"మీకెవరు వెయ్యమన్నారండీ?"

"మీరే కదండీ. ఆ అంకె చూపించాకే తీసుకురమ్మన్నారు."

పరగడుపున ఉన్న మనిషికి బస్సులో పధ్నాలుగు యూనిట్లు. షుగరు ఇంకా కిందికి జారి దారిలో స్పృహ తప్పి ఉంటే? ఆ చెమట, ఆ వణుకు ఎండవి కావు. అంకె అడిగాను, అంకె తెచ్చి ఇచ్చాడు. ఆ అంకె ఎలా వచ్చిందని నేను అడగలేదు. మీరు ఈ వృత్తిలోకి వస్తే స్కాను మందు ఎక్కించే ముందు షుగరు ఎంత అని ఒక్కటే అడిగి ఊరుకోకండి. సూది ఎప్పుడు వేసుకున్నారో అడగండి. నా బోర్డులో ఆ ముక్క లేదు.

మర్నాడు డాక్టరుగారి ముందు ఫోటో పెట్టాను. చూశాడు. ఆయనకి అర్థం కావడానికి పది సెకన్లు పట్టలేదు.

"కండరాల్లోకి మందు ఎక్కువగా పోయింది, ఫలితాన్ని పూర్తిగా నమ్మలేం అని ఒక లైను చేరుద్దాం శారదగారూ."

"ఆ లైను ఎవరు చదువుతారండీ?"

"క్యాన్సరు డాక్టరు చదువుతాడు."

"ఆయన ఆఖరి లైను చదువుతాడు. ఆఖరి లైనులో ఏం రాశారు?"

ఆఖరి లైనులో జబ్బు కనబడలేదని ఉంది.

"ఇలా పంపితే మందు ఆపేస్తారండీ. లోపల మిగిలి ఉంటే ఆర్నెల్లలో మెడంతా గడ్డలవుతాయి" అన్నాను. గొంతు పెరిగిందని నాకే తెలిసింది.

"సరే, మళ్ళీ తీద్దాం. రమ్మనండి. ఖర్చు సంగతి నేను మేనేజిమెంటుతో మాట్లాడతాను" అన్నాడు. రిపోర్టు ఆపాడు. అది ఆయన గొప్పతనమే, ఒప్పుకోవాలి. కాని రమ్మని ఫోను చెయ్యడానికి మాత్రం ఆయనకి నోరు రాలేదు. బాగుందని చెప్పిన నోరు కదా. ఆ పని నా నెత్తిన పడింది.

ఫోను చేస్తే నాంచారమ్మ రానంది. "డాక్టరుగారే బాగుందన్నారు. మళ్ళీ ఎందుకు? మిషను ఖాళీగా ఉందా?" అని పెట్టేసింది.

ఒడ్డున

ఆదివారం పొద్దున్నే బందరు బస్సెక్కాను. అక్కణ్ణుంచి షేరు ఆటో. నా జీవితంలో పేషెంటు ఇంటికి వెళ్ళడం అదొక్కసారే. దారి పొడుగునా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను, మధ్యలో సత్యంగారిని, ఫోను వదలని డాక్టరుగారిని కూడా.

వేలం అయిపోయింది. ఒడ్డున గంపల మధ్య నాంచారమ్మ నిలబడి ఉంది. మందుల వల్ల ఊడిన జుట్టు కొద్దికొద్దిగా మొలుస్తోంది, తలకి తువ్వాలు కట్టుకుంది. నన్ను చూడగానే చుట్టూ ఉన్న ఆడవాళ్ళతో, "ఇదిగో, చెప్పానే, నాకు ఫోటో తీసిన నర్సమ్మగారు!" అంది. అందరూ దణ్ణాలు. వీధంతా బూందీ లడ్లు పంచిందట. తనూ రెండు తిందట. షుగరు పేషెంటు! ఆ మాట మీద అరవబోయి నోరు మూసుకున్నాను.

పక్కకి తీసుకెళ్ళి, తిరగేసి ఉన్న పడవ నీడలో కూర్చోబెట్టి చెప్పాను. బస్సులో వేసిన సూది వల్ల మందంతా కండల్లోకి పోయిందని, మెడలో ఉందో లేదో ఆ ఫోటో చెప్పలేదని.

ఆమెకి కోపం వచ్చింది.

"తగ్గిందన్నదీ మీరే, తగ్గలేదన్నదీ మీరే. నేనేమన్నా ఆటబొమ్మనా? ఆరుసార్లు ఎక్కించుకున్నాను ఆ మందు. నోరంతా పుళ్ళు. కక్కుకోవడం నా వల్ల కాక చచ్చిపోదామనుకున్నాను. తగ్గిందని మొన్న రాత్రి నిద్ర పోయాను, ఏడాదికి మొదటిసారి."

"తప్పు నాదే నాంచారమ్మా. సత్యంగారిది కాదు. రెండొందల లోపు తెమ్మని అరిచింది నేను."

"మళ్ళీ తీస్తే బాగుందనే వస్తుందా?"

వస్తుందంటే వెంటనే బయల్దేరుతుంది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క అబద్ధం, మనిషి మిషను కిందికి వస్తుంది.

"తెలీదమ్మా. ఏదైనా రావొచ్చు" అన్నాను.

గంప మోసుకొచ్చిన మనిషి ధర అడిగితే చెప్పింది. బేరం తెగింది. అప్పుడు నా వైపు తిరిగి, "ఎల్లుండి వస్తాను. రేపు పెద్ద పాట ఉంది" అంది.

మళ్ళీ

ఈసారి అంతా పద్ధతిగా చేశాం. షుగరు డాక్టరుతో మాట్లాడి సూదీ తిండీ రెండూ సర్దించాం. పొద్దున్నే వేలం వేళకి సూది, వెంటనే కొంచెం ఉప్మా. ఆ తరవాత ఏమీ లేదు. స్కాను మధ్యాహ్నం. మధ్యాహ్నమంటే హైదరాబాదు మందు అరిగిపోయి ఉంటుంది కనక, పొద్దున వచ్చిన దాంట్లో ఆమెకని నాలుగింతలు విడిగా దాచి పెట్టాను. "ఒక్కరి కోసం ఇంత మందా?" అని మేనేజరు గొణిగాడు. "మీరు బయటికి వెళ్ళండి" అన్నాను.

షుగరు నూట అరవై ఎనిమిది. సత్యంగారు సూది వేసిన టైము కాగితం మీద రాసి తెచ్చాడు. ఆయన ముఖంలో ఆ పాత ధీమా లేదు. నాకు జాలేసింది గాని చెప్పలేదు.

తెర మీద ఫోటో నెమ్మదిగా పైనుంచి కిందికి వచ్చింది. కండరాలు నిశ్శబ్దంగా, చీకటిగా ఉన్నాయి. గుండె కూడా మసకగా ఉంది. కాలేయం ఎలా ఉండాలో అలా ఉంది. మెడ ఎడమ వైపు, కాలరు ఎముకకి కొంచెం పైన, ఒకే ఒక్క చుక్క వెలుగుతోంది.

ఇన్నేళ్ళలో ఎన్నో చూశాను. ఎప్పుడూ కళ్ళ వెంట నీళ్ళు రాలేదు. ఆ రోజు వచ్చాయి. పేషెంటుకి ఫలితం చెప్పడం మా పని కాదు, డాక్టరుగారు చెప్పాలి. ఆయన లోపలికి వచ్చి చూసి నిలబడిపోయాడు. ఆయన ఫోను మోగుతోంది. కట్టేశాడు.

నాంచారమ్మ బల్ల దిగి, చీర సర్దుకుని, మేమున్న గదిలోకి, తెర ముందుకి వచ్చింది. మమ్మల్ని ఎవరూ ఆపమనలేదు, మేము ఆపలేదు.

"ఏదీ, చూపించండి."

నేను వేలు పెట్టి చూపించాను. డాక్టరుగారు మెల్లగా, "కొంచెం మిగిలిందమ్మా" అన్నాడు.

"చింతపిక్కంత ఉంది" అంది. తెర దగ్గరకి వంగింది. "ఇది ఆ రోజూ ఉందా?"

"ఉంది" అన్నాను.

"మందు ఎప్పటినుంచి?"

"ఈ వారంలోనే మొదలెడతారమ్మా" అన్నాడు డాక్టరుగారు.

తలకి తువ్వాలు గట్టిగా కట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నా మొహంలోకి సూటిగా చూసింది.

"ఈసారి తగ్గిందని మీరు చెప్పినా నేను నమ్మను నర్సమ్మగారూ. మళ్ళీ తియ్యమంటాను."

"తియ్యమను. తీస్తాను" అన్నాను.